సింగపూర్ స్టడీ టూర్‌కి ముందు రాస్ హిల్ ఎక్కండి

స్టడీ టూర్ అనగానే మన కాలేజీల్లో ముందు తేలేది ఊరి పేరు. సింగపూరా, దుబాయా, బ్యాంకాకా అని. తర్వాత తేదీలు, ఆ తర్వాత తలకి ఎంతన్నది. అసలు ఏం చూడడానికి వెళ్తున్నామన్నది వీసా ఫారంలో ఆ గడి నింపేటప్పుడు గాని గుర్తురాదు. విశాఖ నుంచి జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ విద్యార్థులని బయటి దేశం తీసుకెళ్లే మాస్టార్ల కోసం, ఆ పని మీద వేసుకునే విద్యార్థి కమిటీల కోసం ఇది. ఈ వరసని తలకిందులు చేస్తే ఏం జరుగుతుందో చూద్దాం.

ఊరు సింగపూరే అనుకుందాం. మాల్స్ కోసం కాదు. విశాఖ నుంచి స్కూట్ విమానం నేరుగా వెళ్తుంది, ప్రయాణం సుమారు నాలుగు గంటలు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ చేరేలోపు అక్కడికి వెళ్లి తిరిగి రావచ్చు. రెండూ రేవు పట్టణాలే, రెండు చోట్లా ఊరి పక్కనే చమురు ట్యాంకులు. పైగా అక్కడ ఇంగ్లిష్, మలయ్, మాండరిన్, తమిళం నాలుగూ అధికార భాషలు. నాలుగింటిలోనూ పత్రికలు, టీవీ, రేడియో ఒకే ఊళ్లో దొరుకుతాయి. అన్నీ మెట్రో రైలు దూరంలో ఉండే ఇలాంటి చోటు మనకి దగ్గర్లో ఇంకొకటి లేదు.

ఒక టూరుకి ఒకే ప్రశ్న పెట్టుకోవాలి. "సింగపూర్ మీడియాని అధ్యయనం చేయడం" అనేది ప్రశ్న కాదు, బ్యానర్ మీద రాసుకునే మాట. ప్రశ్న అంటే ఇలా ఉండాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ విషవాయువు లీకైనప్పుడు చుట్టుపక్కల జనానికి ఆ సంగతి మొదట ఎవరు చెప్పారు? ఏ ఛానల్, ఏ నిమిషానికి, ఎవర్ని అడిగి ఖాయం చేసుకుంది? అదే సింగపూర్ రేవు పక్క ట్యాంకుల్లో రాత్రి మూడింటికి మంట లేస్తే అక్కడి డెస్క్ ఎవరికి ఫోన్ చేస్తుంది? ఫైర్ సర్వీసు ధ్రువీకరించేదాకా ఆగుతుందా, ఎవరో పంపిన వీడియో వేసేస్తుందా? అక్కడి పులావ్ బుకోమ్ రిఫైనరీలో 2011 సెప్టెంబరులో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. మన హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ప్రమాదం 1997 సెప్టెంబరులో. ఈ రెండిటి మర్నాటి పత్రికలు పక్కపక్కన పెట్టుకుని బయల్దేరిన బృందం న్యూస్‌రూమ్‌లో అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి. పరిశ్రమ, మీడియా రెండూ ఒకే ప్రశ్నలో ఇమిడిపోతాయి గనక, విశాఖ వాళ్లకి ఇంతకంటే సొంతమైన అంశం మరొకటి కనబడదు.

రెండో మంచి ప్రశ్న చిన్న భాషది. తమిళ మురసు 1935లో మొదలైన దినపత్రిక. స్థాపకుడు జి. సారంగపాణి. ఇప్పుడది స్ట్రెయిట్స్ టైమ్స్ నడిపే ఎస్‌పీహెచ్ మీడియా గూటిలో ఉంది. చిన్న దేశం, అందులో తమిళం చదివేవాళ్లు ఇంకా చిన్న సంఖ్య, అయినా రోజూ పత్రిక వస్తోంది. ఎలా? ఎస్‌పీహెచ్ వార్తా విభాగాన్ని 2021లో లాభాపేక్ష లేని సంస్థగా విడదీశారు. ఏటా 18 కోట్ల సింగపూర్ డాలర్ల దాకా అయిదేళ్లపాటు ఇస్తామని ప్రభుత్వం 2022లో ప్రకటించింది. ఆ మరుసటేడే, 2020 సెప్టెంబరు నుంచి 2022 మార్చి దాకా ఎస్‌పీహెచ్ పత్రికల సర్క్యులేషన్‌ని రోజుకి 85,000 నుంచి 95,000 కాపీలు ఎక్కువ చేసి చూపారని బయటపడింది. మన దగ్గర కాపీల లెక్క తేల్చే ఏబీసీ 1948 నుంచీ ఉంది. సర్కారు సొమ్ముతో నడిచే పత్రిక, ప్రకటనల మీద నడిచే పత్రిక, కాపీల లెక్క ఎవరు చూస్తారన్న సందేహం, మూడూ ఒకచోట దొరికాయి. సెమినార్ పేపర్‌కి ఇంతకంటే ఏం కావాలి?

తెలుగువాళ్లకి ఇందులో చిన్న ముల్లు కూడా ఉంది. అక్కడి బడుల్లో తమిళం కాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ మాతృభాషగా తీసుకోవచ్చు. తెలుగు ఆ పట్టీలో లేదు. 1975 నుంచి సింగపూర్ తెలుగు సమాజం నడుస్తోంది. వాళ్లని కలవబోతే ఉగాది వేడుకల గురించి కాక, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు వార్తలు ఏ భాషలో చదువుతున్నారో అడగమనండి.

ఇక విశాఖ పని. బయల్దేరడానికి ముందు నాలుగు వారాలు ఇక్కడే తిరగాలి. ఇక్కడ చూడనిది అక్కడ కంటికి ఆనదు. రేవు చూడడానికి గేటు పాసు అక్కర్లేదు. పాత ఊళ్లో రాస్ హిల్ మీద చర్చి దగ్గర నిలబడితే ఇన్నర్ హార్బర్‌కి వెళ్లే కాలవ, అవతల డాల్ఫిన్స్ నోస్ కనిపిస్తాయి. రెండు గంటలు కూర్చుని వచ్చిన ఓడలు, వాటి రకం రాసుకోవాలి. బొగ్గు ఓడా, చమురు ఓడా, కంటైనర్ ఓడా అన్నది చూపుతో పోల్చుకోవడం అక్కడే వస్తుంది. 1933లో మొదలైన మన రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం, చమురు లాంటి సరుకే ఎక్కువ. మన సరుకు రైలెక్కి లోపలికి పోతుంది, లేదా లోపలి నుంచి వచ్చి ఓడెక్కుతుంది. సింగపూర్‌ది వేరే వ్యాపారం. ఒక ఓడ నుంచి దింపిన కంటైనర్లలో చాలా భాగం మరో ఓడలోకి ఎక్కుతాయి, ఊళ్లోకి రావు. 2024లో అక్కడ 4 కోట్ల 11 లక్షల టీఈయూలు దాటాయి. టీఈయూ అంటే ఇరవై అడుగుల కంటైనర్ ఒకటి. నలభై అడుగులది రెండుగా లెక్క. ఈ ఒక్క ముక్క తెలియక వార్తల్లో కంటైనర్ల సంఖ్య, టీఈయూల సంఖ్య కలగలిపి రాసేస్తుంటారు.

రెండో పని, ఏదో ఒక దినపత్రిక ప్రింటింగ్ యూనిట్‌లో ఒక రాత్రి. ఈనాడు పుట్టింది హైదరాబాద్‌లో కాదు, 1974 ఆగస్టు 10న విశాఖలో. ఆ సంగతి ఇక్కడి జర్నలిజం విద్యార్థుల్లోనే చాలామందికి తెలియదు. ఏ పత్రిక యూనిట్ అనుమతి ఇచ్చినా సరే, రాసుకోవాల్సినవి ఇవి: ఆఖరి పేజీ డెస్క్ నుంచి ఎన్నింటికి వదిలారు, ప్లేటు ఎన్నింటికి తయారైంది, మిషన్ తిరిగాక మంచి కాపీ రావడానికి ఎన్ని కాపీలు చెత్తబుట్టకి పోయాయి. నాలుగు రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో పేజీ అంచున ఉండే చిన్న ప్లస్ గుర్తుల్లో కనబడుతుంది. ఫొటోలో పెదవి ఎరుపు చెంప మీదకి జరిగిందంటే అక్కడ తప్పిందన్నమాట. పాడేరు, అరకు వెళ్లే కట్టలు ముందు కదులుతాయి, నగరం కట్టలు ఆఖర్న. అందుకే దూరపు ఎడిషన్‌లో రాత్రి మ్యాచ్ ఫలితం ఉండదు. ఈ లెక్క చేతిలో ఉన్నవాడు, ఊరు మొత్తం గంటన్నరలో చుట్టేయగల దేశంలో డెడ్‌లైన్ ఎలా ఉంటుందని అడగగలడు.

మూడోది ఇంట్లో కూర్చునే చేయొచ్చు. సింగపూర్ నేషనల్ లైబ్రరీ వాళ్ల న్యూస్‌పేపర్‌ఎస్‌జీ అనే డిజిటల్ భాండాగారంలో పాత పత్రికలు ఉచితంగా దొరుకుతాయి. 1845లో మొదలైన స్ట్రెయిట్స్ టైమ్స్ పాత సంచికలు కూడా. మన ఊరి పాత ఇంగ్లిష్ స్పెల్లింగ్ 'Vizagapatam' అని కొట్టి వెతకాలి, ఇప్పటి స్పెల్లింగ్‌తో వెతికితే పాతవి తగలవు. తర్వాత ఒక తేదీ ఇవ్వండి: 1942 ఏప్రిల్ 6. ఆ రోజు జపాన్ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. దానికి ఏడు వారాల ముందే, ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. అక్కడ జపాన్ పాలకులు నడిపిన ఇంగ్లిష్ పత్రిక సియోనాన్ టైమ్స్ సంచికలు ఆ భాండాగారంలోనే ఉన్నాయి. ఆ వారం పేజీలు తిప్పి మన ఊరి పేరు వస్తుందేమో, వస్తే ఏ మాటల్లో వస్తుందో చూడమనండి. దొరక్కపోయినా మార్కులు వేయాలి. బాంబులేసిన వాడి పత్రిక ఏం రాసింది, ఏం వదిలేసింది అన్నదే కదా విషయం.

చట్టం కూడా ఒక పూట చదివి వెళ్లాలి. మన దగ్గర 1867 నాటి పత్రికల నమోదు చట్టం పోయి 2023 చట్టం వచ్చింది, 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. పత్రిక పెట్టేవాడు నమోదు చేసుకుంటే చాలు. సింగపూర్‌లో 1974 నాటి పత్రికలు, ముద్రణాలయాల చట్టం ప్రకారం పత్రికకి పర్మిట్ కావాలి, దాన్ని ఏటా తీసుకోవాలి. పత్రిక కంపెనీల్లో మేనేజ్‌మెంట్ షేర్లని వేరే ఉంటాయి, ఓటు బలం వాటికి ఎక్కువ, అవి ఎవరి చేతిలో ఉండాలో ప్రభుత్వం ఒప్పుకోవాలి. 2019 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ తప్పుడు వార్తల చట్టం ఉంది. దాన్ని పోఫ్మా అంటారు. మంత్రి ఆదేశిస్తే కథనం పక్కన దిద్దుబాటు పెట్టాలి. ఇవి తెలిసి వెళ్తే అక్కడి ఎడిటర్ నోరు విప్పుతాడు. తెలియకుండా "మీకు పత్రికా స్వేచ్ఛ ఉందా" అని అడిగితే మర్యాదగా నవ్వి టీ ఇప్పిస్తాడు.

అక్కడి సంస్థలకి ఉత్తరాలు పది వారాల ముందు వెళ్లాలి. కాలేజీ పేరున్న ఈమెయిల్ నుంచే పంపాలి. ఉచిత మెయిల్ ఖాతా నుంచి వచ్చినవి ట్రావెల్ ఏజెంటు ఉత్తరాలనుకుని పక్కన పెట్టేస్తారు. ఒక పేజీ చాలు: ఎవరు, ఎంతమంది, ఏ మూడు తేదీల్లో ఏదైనా సరే, ఎంతసేపు (తొంభై నిమిషాలు మించొద్దు), మీ ఒక్క ప్రశ్న, దాని కింద మూడు ఉపప్రశ్నలు. "మీ సంస్థని సందర్శించి స్ఫూర్తి పొందాలని" అని రాస్తే జవాబు రాదు. పది పనిదినాల తర్వాత ఒక్కసారి గుర్తుచేయాలి. మన అలవాటు ప్రకారం ఫోన్ మీద ఫోన్ కొడితే పని చెడుతుంది. ఎవరు ఒప్పుకుంటారన్నది ముందే చెప్పలేం గనక ఎనిమిది చోట్లకి రాసి నాలుగు దొరుకుతాయని లెక్క వేసుకోవాలి. విశ్వవిద్యాలయాలు త్వరగా పలుకుతాయి. నాన్యాంగ్ యూనివర్సిటీలోని వీ కిమ్ వీ కమ్యూనికేషన్ స్కూల్ అక్కడ పెద్దది. ఆ పేరుగల పెద్దమనిషి స్ట్రెయిట్స్ టైమ్స్‌లో గుమాస్తాగా చేరి, విలేకరై, 1985 నుంచి 1993 దాకా దేశాధ్యక్షుడిగా ఉన్నాడు. ప్రసార సంస్థ మీడియాకార్ప్ వన్‌నార్త్ ప్రాంతంలోని మీడియాపొలిస్‌లో ఉంది. 1999లో మొదలైన ఇంగ్లిష్ వార్తా ఛానల్ సీఎన్‌ఏ, తమిళ ఛానల్ వసంతం, తమిళ రేడియో ఒలి 96.8 అన్నీ దానివే.

ఇరవైనాలుగు మందిని ఒకేసారి న్యూస్‌రూమ్‌లోకి ఎవరూ రానివ్వరు. పన్నెండేసి మందిగా రెండు జట్లు చేసి, ఒక జట్టు లోపలున్నప్పుడు రెండోది దగ్గర్లో ఇంకో పని చూసుకునేలా ముందే రాయాలి. ప్రవేశానికి పాస్‌పోర్టు వివరాల జాబితా అడుగుతారు. దాన్ని పాస్‌పోర్టు చూసి టైపు చేయాలి, అటెండెన్స్ రిజిస్టర్ చూసి కాదు.

ఆ మాటకొస్తే విశాఖ బృందాలకి అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి పేర్లే. మార్కుల మెమోలో ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా చివర ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో పడి ఉంటుంది. టికెట్ సైటు ఇంటిపేరు లేకుండా ముందుకి పోనివ్వదు. ఏజెంటు తోచింది కొడతాడు. వీసాలో ఒకటి, టికెట్‌లో ఒకటి అయితే చెకిన్ దగ్గర ఆ విద్యార్థి ఆగిపోతాడు. సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవాళ్ల జాబితా తీసి, వాళ్ల టికెట్ ఎలా వేయాలో విమాన సంస్థనే అడిగి, ఆ జవాబు మెయిల్ రూపంలో దగ్గర పెట్టుకోవాలి. టైముంటే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసులో రీఇష్యూకి పెట్టి ఇంటిపేరు ఎక్కించుకోవడం అన్నిటికంటే మంచిది. 36 పేజీల పాస్‌పోర్టుకి ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. పోలీసు వెరిఫికేషన్‌కి హాస్టల్ చిరునామా ఇచ్చి సెలవులకి ఊరెళ్లిపోయిన వాళ్లవి వారాల తరబడి ఆగుతాయి. (ఏకపేరు పాస్‌పోర్టుల్ని 2022 చివరి నుంచి యూఏఈ విజిట్ వీసా మీద రానివ్వడం లేదు. దుబాయ్ అనుకునేవాళ్లు ఇది చూసుకోండి.)

వీసాకి పాస్‌పోర్టు గడువు ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలలు మిగిలుండాలి. ఫారం 14ఏ, అధీకృత ఏజెంటు ద్వారా. వీసా ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు రుసుము దాని మీద. ఫొటో 35 × 45 మిల్లీమీటర్లు, తెల్ల వెనకతెర, మూడు నెలల లోపు తీసింది. స్టూడియోలో పాత ఫైలు తీసి మళ్లీ ప్రింటు కొట్టించిన ఫొటోలే ఎక్కువ తిరిగొస్తాయి. బృందం మొత్తం ఒకే ఏజెంటు ద్వారా ఒకేసారి పెట్టాలి. బయల్దేరే ముందు మూడు రోజుల్లో ప్రతి ఒక్కరూ ఎస్‌జీ అరైవల్ కార్డ్ ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం. డబ్బులు అడిగిన సైటు నకిలీది అని గట్టిగా చెప్పాలి. అక్కడ ఇమ్మిగ్రేషన్‌లో పాస్‌పోర్టు మీద ముద్ర వేయడం మానేశారు, ఈ-పాస్ ఈమెయిల్‌కి వస్తుంది. కాబట్టి కార్డులో ఇచ్చే ఈమెయిల్ ఆ విద్యార్థి ఫోన్‌లో తెరుచుకునేదై ఉండాలి. కాలేజీ ఆడిట్‌కి వెళ్లొచ్చిన రుజువు అడిగినప్పుడు ముద్ర ఉండదు, ఈ మెయిలే ఆధారం.

డబ్బు లెక్కలో ఎవరూ ముందు చెప్పని చిక్కు టీసీఎస్, అంటే అమ్మేవాడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను. ఫారిన్ టూర్ ప్యాకేజీ మీద ఏజెంటు పన్ను వసూలు చేసి ఎవరి పాన్ ఇస్తే వాళ్ల ఖాతాలో వేస్తాడు. రిటర్ను వేసినప్పుడు దాన్ని సర్దుకోవచ్చు. కాలేజీ మొత్తం ఒకే చెక్కు ఇస్తే ఆ పన్ను కాలేజీ పాన్ మీద పడి, తల్లిదండ్రులకి రావాల్సింది పోతుంది. ఎవరి వాటా వాళ్ల పాన్‌తో కట్టడమే దారి.

స్కూట్‌లో మామూలు టికెట్‌కి చేతి సామాను 10 కిలోలే. లగేజీ విడిగా కొనాలి. ముందే కొంటే తక్కువ, కౌంటర్ దగ్గర కొంటే చెంప పగులుతుంది. డిపార్ట్‌మెంట్ కెమెరాలు, లెన్సులు తీసుకెళ్తుంటే వెళ్లేటప్పుడే విమానాశ్రయం కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ప్రతి వస్తువు సీరియల్ నంబరు, కొన్న బిల్లు నకలు, కాలేజీ లెటర్‌హెడ్ మీద జాబితా కావాలి. అది లేకపోతే తిరుగుప్రయాణంలో "అక్కడ కొన్నది కాదని ఏమిటి గ్యారంటీ" అనే ప్రశ్నకి జవాబు ఉండదు. ఇందుకు మూడు గంటలు కాదు, నాలుగు గంటల ముందు చేరాలి. విశాఖ విమానాశ్రయం నేవీ స్థలంలోది, కిటికీ లోంచి రన్‌వే వీడియోలు తీయొద్దని కెమెరా పిల్లలకి ముందే చెప్పండి. విమానాలు భోగాపురానికి మారితే గాజువాక వైపు పిల్లలకి నగరం దాటి వెళ్లాలి కనుక ఇంకో గంటన్నర కలపాలి.

బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచీలోనే. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే 74 వాట్ అవర్లు, హద్దు 100. స్కూట్‌లో 2025 ఏప్రిల్ నుంచి విమానంలో పవర్ బ్యాంకుతో ఫోన్ చార్జ్ చేయనివ్వరు. సింగపూర్ సాకెట్లకి చదరపు మూడు పలకల ప్లగ్ కావాలి. ఇద్దరికొక అడాప్టర్, గదికొక మనూరి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటే రాత్రి గొడవలుండవు.

సంచీల్లో ఏముందో తల్లులతో మాట్లాడాలి. చికెన్, మటన్ పచ్చళ్లు కుదరవు, మన దేశం మాంసం అక్కడికి నిషేధం. ఆవకాయ సరే. గసగసాలు మాత్రం ఎక్కడా ఉండకూడదు, మసాలా పొడిలో కలిపినా సరే. అక్కడ అవి మాదకద్రవ్యాల చట్టం కిందకి వస్తాయి. చూయింగ్ గమ్, వేప్‌లు వద్దు. సిగరెట్లకి డ్యూటీ మినహాయింపు లేదు, ఒక్క పెట్టె అయినా డిక్లేర్ చేయాలి. దగ్గు మందుల్లో కొడీన్ ఉన్నవి, నిద్రమాత్రలు అవసరమైన వాళ్లు చీటీతో పాటు ముందస్తు అనుమతి చూసుకోవాలి.

తేదీల సంగతి. చైనీస్ కొత్త సంవత్సరం వారంలో వెళ్తే ఊరంతా అలంకరణే గాని ఆఫీసులు దొరకవు. ఫార్ములా వన్ రేసు రోజుల్లో గది అద్దె మండుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా వానలు. మన సెమిస్టర్ పరీక్షలు తీసేస్తే మిగిలేది ఫిబ్రవరి చివర, మార్చి, లేదా జులై.

అక్కడ దిగిన రోజు ఏ సంస్థకీ మాట ఇవ్వొద్దు. రాత్రి విమానంలో నిద్ర ఉండదు, గడియారం రెండున్నర గంటలు ముందుకి పోతుంది. ఆ రోజు నేషనల్ లైబ్రరీ సరిపోతుంది, చల్లగా ఉంటుంది, కూర్చోవచ్చు. మిగతా రోజుల్లో రోజుకి రెండు సందర్శనలు, అంతే. మూడోది పెడితే రెండోది పాడవుతుంది. ఇరవైనాలుగు మంది మెట్రో గేటు దాటడానికే పది నిమిషాలు. ఒకరి కార్డు పనిచేయకపోతే అందరూ ఆగుతారు. న్యూస్‌రూమ్‌కి ఉదయం వెళ్తే ఖాళీ కుర్చీలు కనిపిస్తాయి. మధ్యాహ్నం వార్తల మీటింగ్ వేళ అడగండి. వెనక గోడకి నిలబడి అరగంట వినడం మూడు ప్రెజెంటేషన్ల పెట్టు.

రేవు విషయంలో ఆశ తగ్గించుకోవాలి. జురాంగ్ ద్వీపం, పెట్రోకెమికల్ ఫ్యాక్టరీలన్నీ అక్కడే, పాసు లేకుండా వంతెన కూడా దాటనివ్వరు. 2022 సెప్టెంబరులో అధికారికంగా మొదలైన తువాస్ కొత్త రేవు 2040ల్లో పూర్తయ్యాక ఏడాదికి ఆరున్నర కోట్ల టీఈయూలు పట్టేలా కడుతున్నారు. లోపలికి అనుమతి దొరికితే అదృష్టం. దొరక్కపోతే లాబ్రడార్ పార్కు ఒడ్డున నిలబడి పాసిర్ పాంజాంగ్ వైపు క్రేన్లు చూడొచ్చు. మరీనా సౌత్ పియర్ దగ్గర మారిటైమ్ గ్యాలరీకి టికెట్ లేదు. రాస్ హిల్ మీద ఓడలు లెక్కపెట్టిన నోట్‌బుక్కే ఇక్కడా తెరవాలి, అవే గళ్లు, అదే రెండు గంటలు. తేడా వాళ్లకే కనబడుతుంది, చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీ, రేవు రోజుల్లో చెప్పులు కాదు, మూసిన బూట్లు. గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు ఆగిపోయేది దీనికే.

వరసగా మూడు రోజులు స్ట్రెయిట్స్ టైమ్స్, తమిళ మురసు కొని స్కేలుతో కొలవాలి. పేజీలో అచ్చుభాగం ఎత్తుని కాలమ్‌ల (నిలువు వరసల) సంఖ్యతో గుణిస్తే ఆ పేజీ కాలమ్ సెంటీమీటర్లు వస్తాయి. ఎత్తు 50 సెంటీమీటర్లు, కాలమ్‌లు 8 అయితే 400. ప్రకటనలు, స్థానిక వార్తలు, విదేశీ వార్తలు, ఏజెన్సీ వార్తలు విడివిడిగా కొలిచి శాతాలు తీయాలి. పత్రిక పత్రికకీ కాలమ్ వెడల్పు మారుతుంది గనక సెంటీమీటర్లని నేరుగా పోల్చకూడదు, శాతాల్నే పోల్చాలి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. తమిళం రానివాళ్లు బొమ్మలు, డేట్‌లైన్లతో సగం పని చేయగలరు, తమిళం చదవగల పిల్ల ఒకరుంటే ఆ జట్టులో వేయండి. విశాఖలో అవే తేదీల దినపత్రికలు, జిల్లా టాబ్లాయిడ్‌తో సహా, దాచమని ఇంట్లో చెప్పి రావాలి. దాచకపోతే పాత పేపర్లవాడి పాలవుతాయి.

రికార్డింగ్ గురించి రెండు మాటలు. ఏసీ నుంచి బయటికి రాగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. సంచీ మూసి పావుగంట ఉంచితే పోతుంది, తుడిస్తే మరకలవుతుంది. హాకర్ సెంటర్లో (తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాల్లో) మాట రికార్డు చేస్తుంటే మైకు నోటికి జానెడు దూరంలో పెట్టి, చివర్లో ఎవరూ మాట్లాడని ముప్పై సెకన్ల చప్పుడు విడిగా తీసుకోవాలి. ఎడిటింగ్‌లో అతుకులు కప్పేది అదే. రోజూ రాత్రి రెండు కాపీలు, ఒకటి మాస్టారి దగ్గర. టూరిస్టు వీసా మీద వచ్చిన విద్యార్థులు చేసేది అభ్యాసం. తీసినది ఛానల్‌కి అమ్మడం, లైవ్ ఇవ్వడం పనికిరాదు. మెట్రోలో, మాల్స్‌లో ట్రైపాడ్ నిలబెట్టాలంటే అడగాలి. డ్రోన్ ఇంట్లో వదిలేయండి. హాంగ్ లిమ్ పార్కులో నిరసన సభ జరుగుతుంటే ఆసక్తి పుట్టడం సహజం. కాని అందులో విదేశీయులు పాల్గొనడం నేరం, గుంపుగా దూరి నిలబడొద్దు.

తిండికి లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్, 1947 నాటి కోమల విలాస్ ఉన్నాయి, కంగారేం లేదు. హాకర్ సెంటర్లో నాలుగైదు డాలర్లకి భోజనం అయిపోతుంది. బల్ల మీద టిష్యూ పొట్లం కనిపిస్తే అది ఎవరో పట్టుకున్న చోటు, మన బస్సులో తువాలు వేసినట్టే. తిన్న ట్రే తిరిగి పెట్టాలి, పెట్టకపోతే జరిమానా ఉంది. రెస్టారెంటు మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే పది శాతం సర్వీసు, 9 శాతం జీఎస్‌టీ పైన పడతాయి. రాత్రి పదిన్నర తర్వాత బయట మందు తాగడం నిషేధం. ఆ మాట మాస్టార్లకి కూడా వర్తిస్తుంది.

పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు రిపోర్టు, తర్వాత గ్రేంజ్ రోడ్డులోని భారత హైకమిషన్. అక్కడ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. దానికి పాస్‌పోర్టు నకలు, రెండు ఫొటోలు అందరివీ మాస్టారి ఫైల్లో ఉండాలి. అంబులెన్స్ 995, పోలీసు 999.

తిరిగొచ్చిన పది రోజుల్లో రాత పని తీసుకోవాలి. నెల ఆగితే ఫొటోలు మిగులుతాయి, ప్రశ్న పోతుంది. ఒక్కొక్కరు ఎనిమిది వందల మాటల కథనం గాని, నాలుగు నిమిషాల రేడియో ఫీచర్ గాని, మొదట పెట్టుకున్న ఒక్క ప్రశ్న మీదే. కాలమ్ సెంటీమీటర్ల పట్టిక, ఓడల నోట్‌బుక్ జత చేయాలి. వాటిలో మంచివి మూడు ఇంగ్లిష్‌లో కుదించి, మనకి టైమిచ్చిన సంస్థలకి పంపాలి. వచ్చే ఏడాది బృందం ఉత్తరానికి జవాబు రావాలంటే ఇదే మూలధనం.

బిల్లుల సంగతి ఒకటి మిగిలింది. అక్కడ ఇచ్చే రసీదులు చాలావరకు థర్మల్ కాగితం మీదివి. మన ఊరి ఉక్కపోతలో, ఫైల్లో ప్లాస్టిక్ కవరు కింద, అకౌంట్స్ సెక్షన్ వాళ్లు తీసి చూసేసరికి తెల్లకాగితాలై ఉంటాయి. ఏ రోజువి ఆ రోజే ఫొటో తీసి, తేదీ, దేనికి అన్నది పక్కన పెన్నుతో రాసి పెట్టుకోండి.